బొగ్గెయ్యరా, రే!

ఇంగ్లండులో మా క్రాడ్లీ హీత్ మగాళ్ళ నోట మెచ్చుకోలు మాట రావడం కంటే మా పబ్బు పైకప్పులోంచి బీరు కురవడం తేలిక. పెళ్ళాం కొత్త గౌను వేసుకొస్తే "ఎవరింటి కర్టెన్ చించావే?" అంటారు. స్నేహితుడికి బిడ్డ పుడితే ఉయ్యాల్లోకి తొంగిచూసి "పాపం, ముక్కు మీ నాన్నదే" అంటారు. ఎవరితోనైనా మర్యాదగా మాట్లాడుతున్నారంటే వాడంటే గిట్టదని అర్థం. ఇలాంటి మొహాలకే నా జీవితమంతా బీరు పోశాను. వాళ్ళందరిలోకీ పెద్ద నోరు క్లిఫ్ ట్రోమన్స్‌ది. ఆ నోరే చివరికి రికార్డుకెక్కింది.

క్లిఫ్ గొలుసుల కొలిమిలో పనిచేసేవాడు. ఓడ లంగర్లకు వేసే గొలుసులు అవి. ఎర్రగా కాల్చిన కడ్డీని వంచి, కొసలు కలిపి కడియంగా అతకడం అతని పని. ఎదురుగా నిలబడి సమ్మెట వెయ్యడం రే డార్బీ పని. రే అతనికంటే చిన్నవాడు, సన్నగా పొడుగ్గా ఉండేవాడు. మనిషి ఇక్కడ, మనసు ఇంకెక్కడో. ఏదో బాణీ ఈల వేసుకుంటూ కొలిమి సంగతే మరిచిపోయేవాడు. నిప్పు మందగించగానే క్లిఫ్ గొంతు లేచేది.

"బొగ్గెయ్యరా, రే!"

వీధి చివరనున్న నా పబ్బులోకి వినపడేది ఆ కేక. పోనుపోను ఊరందరికీ ఊతపదం అయింది. ఎవడైనా కబురు సాగదీసి చెబుతుంటే "బొగ్గెయ్యరా" అనేవాళ్ళు. పందెం కాసిన గుర్రం వెనకబడితే టీవీ ముందు నిలబడి అదే కేక.

ఒక చలికాలం క్లిఫ్ వాళ్ళమ్మ పోయింది. పాతిపెట్టిన మర్నాడే పనికి వచ్చాడు. ఇంట్లో కూచుని ఏడవడం మా వాళ్ళకు చేతకాదు మరి. వచ్చాడు గానీ చేతులు ఆడలేదు. రే ఒక్కమాట మాట్లాడకుండా పట్టకారు కూడా తనే అందుకుని ఆ వారమంతా ఇద్దరి పనీ చేశాడు. చేస్తున్నంతసేపూ నెమ్మదిగా ఒకే బాణీ ఈల వేసేవాడట. క్లిఫ్ థాంక్స్ చెప్పలేదు. చెబుతాడని రే కూడా అనుకోలేదు.

ఆ రే సాయంత్రాలు నా పబ్బు వెనక గదిలో మరో ముగ్గురు కొలిమి కుర్రాళ్ళతో కలిసి గిటారు వాయించేవాడు. బ్యాండుకి ఐరన్ పారిష్ అని పేరు పెట్టుకున్నారు. సంగీతమా అది! అల్మారాలో గ్లాసులు వణికేవి. "పగలంతా కొలిమి మోత, సాయంత్రం మీ మోతా!" అని తిట్టేదాన్ని. కానీ జనం ఎగబడ్డారు. చూస్తుండగానే వాళ్ళు కొలిమి మానేశారు, లండన్ వెళ్ళారు, జుట్టు భుజాల మీదికి దిగింది.

"దువ్వెన కొనుక్కునే స్తోమత కూడా లేదేమిట్రా?" అని క్లిఫ్ ఏడిపించేవాడు.

"నీ బట్టతల చూసి జాలేసి పెంచుతున్నా" అనేవాడు రే.

డెబ్బై నాలుగులో డడ్లీ టౌన్ హాల్లో వాళ్ళ కచేరీ పెట్టారు. దాన్ని అక్కడికక్కడే రికార్డు చేస్తామన్నారు. హాలు పక్కన ఒక లారీ నిండా మిషన్లు. అందులోంచి లావుపాటి వైర్లు తలుపు సందులోంచి లోపలికి పాకాయి. మేమంతా ఒక బస్సు మాట్లాడుకుని వెళ్ళాం. క్లిఫ్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు, అదే ఒక వింత. నా పక్కనే కూచున్నాడు. చుట్టూ కొలిమి వాళ్ళే.

మోత మోతగా సాగుతుండగా మధ్యలో ఒక నెమ్మదైన పాట వచ్చింది. డ్రమ్ములు ఆగాయి. మిగతావాళ్ళు వెనక్కి తగ్గారు. రే ఒక్కడే తల వంచుకుని గిటారు మీద ఏదో బాణీ మొదలెట్టాడు. నాకు సంగీతం తెలీదు గానీ అంత గోల చేసే హాలు చర్చిలా నిశ్శబ్దమైపోవడం తెలిసింది. పక్కకు చూస్తే క్లిఫ్ గడ్డం వణుకుతోంది. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. బాణీ ఇంకా పైకి వెళుతోంది, ఎక్కడికో చేరబోతోంది, అప్పుడు లేచాడు. నోటి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"బొగ్గెయ్యరా, రే!"

హాలు ఫక్కున నవ్వింది. రే వేళ్ళు ఆగిపోయాయి. తలెత్తి తనూ నవ్వేసి మైకు దగ్గరికొచ్చాడు.

"అదిగో, మా క్లిఫ్! వీడింకా కొలిమి దిగలేదు!"

అంతే, డ్రమ్ములు అందుకున్నాయి. బాణీ మాత్రం అక్కడే ఉండిపోయింది.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం రే మా పబ్బుకొచ్చాడు. క్లిఫ్ ఎదురుగా కూచుని, గ్లాసు తిప్పుతూ అడిగాడు.

"ఎలా ఉందిరా నిన్న?"

"ఇంతకంటే ఘోరమైనవి విన్నాలే."

రే నవ్వాడు. నవ్వి ఇంకాస్త ఆగాడు. ఏదో వస్తుందని చూస్తున్నాడని కౌంటరు తుడుస్తున్న నాకే తెలిసింది, ఎదురుగా కూచున్న ఆ మొద్దుకి తెలియలేదు. చేతిలో తడిగుడ్డ విసిరి కొట్టాలనిపించింది. "సరేలే" అన్నాడు రే. తర్వాత ఫుట్‌బాల్ సంగతులు మాట్లాడుకున్నారు.

రికార్డు బయటికొచ్చింది. కేకను తియ్యలేదు, అందరికీ నచ్చిందట. అదే కొంప ముంచింది. ఆ రికార్డు అరిగిపోయేలా విన్న జనం, రే ఏ ఊళ్ళో ఆ బాణీ మొదలెట్టినా అందుకునేవాళ్ళు. లీడ్స్‌లోనూ అంతే, గ్లాస్గోలోనూ అంతే. జర్మనీలో వాళ్ళకి తెలిసిన ఇంగ్లీషు ముక్క అదొక్కటేనేమో, అదే అరిచేవాళ్ళు. ప్రతి ఊళ్ళోనూ ఒక క్లిఫ్ తయారయ్యాడు. మొదట్లో రే నవ్వాడు. తర్వాత బాణీని పొట్టి చేశాడు. ఆ తర్వాత వాయించడమే మానేశాడు. దాని చివర ఎలా ఉంటుందో ఎవరూ వినలేదు.

నా పబ్బుకి ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి క్లిఫ్‌కి బీరు పోయించి "ఒక్కసారి అరవండి గురూ" అని బతిమాలేవాళ్ళు. కొన్నాళ్ళు అరిచాడు. తర్వాత "గొంతు బాగాలేదు" అని తప్పించుకునేవాడు. ఒక వానరోజు పబ్బులో ఎవరూ లేనప్పుడు అడిగాను.

"ఎందుకు అరిచావు అసలు?"

"ఏడుపొచ్చింది గ్లెండా." వేయించిన పందితోలు పొట్లాన్ని నలుపుతూ కూచున్నాడు. "అమ్మ పోయిన వారం కొలిమిలో వాడు ఈల వేసిన బాణీ అది. చుట్టూ మనవాళ్ళంతా ఉన్నారు. ఏడ్చే బదులు అరిచేశా."

"ఆ మాటేదో వాడికి చెప్పి చావు."

"ఏమని?"

"బాగుందని చెప్పు! నోరు పడిపోదు."

"వచ్చినప్పుడు చెబుతాలే."

రే ప్రతి క్రిస్మస్‌కీ వచ్చేవాడు. ఒకరి పొట్ట మీద ఒకరు, ఒకరి బూట్ల మీద ఒకరు జోకులేసుకునేవాళ్ళు. ఆ ఒక్క మాట మాత్రం రాలేదు. బ్యాండు విడిపోయింది. రే పెళ్ళాం నెరిస్‌తో వేల్స్ తీరంలో బార్మత్ చేరాడు. కొలిమి మూతపడింది. క్లిఫ్ గోదాములో పనిచేసి రిటైరయ్యాడు. నాకు మోకాళ్ళు పోయి పబ్బు మా అమ్మాయి చేతికొచ్చింది.

ఆ మధ్య రికార్డు కంపెనీ నుంచి ఒకావిడ వచ్చింది. పాత రికార్డుని శుభ్రం చేసి మళ్ళీ వేస్తున్నారట, కేక వేసినాయన ఫొటో కావాలంది. క్లిఫ్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఫొటో ఎందుకమ్మా. ఆ కేక తీసెయ్యడం కుదురుతుందా?"

"ఇప్పుడు ఏదైనా కుదురుతుందండీ. కానీ జనం కొనేదే దానికోసం కదా!"

"ఆ పాట వాడిది. నా నోరు తీసెయ్యండి. మీకు పుణ్యముంటుంది."

రేని అడిగి చెబుతానంది. రే సరేనన్నాడట. కేక పోయింది, దాంతోపాటు హాలు నవ్వూ, రే జవాబూ పోయాయి. ఆ ఖాళీలో బాణీ ముక్కనే ఇంకోసారి అతికి డ్రమ్ముల్లో కలిపేశారు. క్లిఫ్ మొహం వెలిగిపోయింది. "చెప్పలేకపోయింది చేసి చూపించా గ్లెండా" అన్నాడు. నేనూ సంతోషించాను, అబద్ధమెందుకు.

ఆ శీతాకాలం రేకి ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. "రోడ్ల మీద మంచు కరగనీ, బార్మత్ వెళ్ళొస్తా" అన్నాడు క్లిఫ్. మంచు కరగకముందే రే పోయాడు.

వాడి కోరిక ప్రకారం మా ఊరికే తీసుకొచ్చారు. దహనశాల ప్రార్థన గది కిక్కిరిసింది. నెరిసిన జుట్లు, నల్ల టీషర్టులు. పెట్టె నెమ్మదిగా తెర వెనక్కి, మంటవైపు కదులుతుంటే తలలన్నీ క్లిఫ్ వైపు తిరిగాయి. అందరూ ఒకటే ఎదురుచూస్తున్నారు. ఆ మాటకి అంతకంటే తగిన చోటు ఇంకెక్కడుంది? మా వాళ్ళకి అది ఎగతాళి కాదు. రే బతికుంటే కడుపు పట్టుకుని నవ్వేవాడు. క్లిఫ్ లేచాడు. నోటి దగ్గరికి చెయ్యి వెళ్ళింది. మళ్ళీ కిందికి దిగింది.

"చాలా బాగా వాయించావురా, రే" అన్నాడు మెల్లిగా.

తెర మూసుకుంది. ఇన్నాళ్ళకు సరైన పని చేసినవాడిలా కూచున్నాడు. నేను అతని చెయ్యి నొక్కాను.

తర్వాత అందరూ పబ్బుకొచ్చారు. హామ్ శాండ్‌విచ్‌లు, బేకన్ వేసి ఉడికించిన బఠాణీలు. నెరిస్ మా బల్ల దగ్గరికొచ్చింది.

"నువ్వు అరుస్తావనుకున్నా క్లిఫ్."

"ఊరుకో నెరిస్. ఒకసారి పాడుచేసింది చాల్లే."

"పాడుచేశావా?" ఆమె కుర్చీ లాక్కుంది. "బార్మత్‌లో రే ఆ రికార్డు పెట్టేదే నీకోసం. 'ఇదిగో, ఇప్పుడు' అనేవాడు. నువ్వు అరవగానే నవ్వి ముల్లు ఎత్తేసేవాడు. 'గొంతు ఎలా వణికిందో విన్నావా? ఏడుపాపుకుంటున్నాడు వెధవ. నన్ను ఇంతగా మెచ్చుకున్నవాడు లేడు' అనేవాడు."

క్లిఫ్ శాండ్‌విచ్‌ని ప్లేట్లో పెట్టేశాడు.

"మరి తీసెయ్యమంటే సరేనన్నాడుగా" అన్నాను నేను.

"అన్నాడు. ఫోన్ పెట్టేసి ఆ పాత రికార్డునే మళ్ళీ పెట్టుకున్నాడు. వద్దని చెప్పలేకపోయావా అంటే, 'వాడికి సిగ్గుగా ఉందేమోలే' అన్నాడు." నెరిస్ ముక్కు తుడుచుకుంది. "మంచం పట్టాక పాత రికార్డు మిషన్ని మేడమీదికి మొయ్యలేక, కంపెనీ పంపిన కొత్త సీడీ పెట్టాను. జ్వరంలో ఉన్నాడు, కొత్తదని తెలీదు. ఆ చోటు వచ్చింది, దాటిపోయింది. కళ్ళు తెరిచి 'క్లిఫ్ ఏడీ?' అన్నాడు. మళ్ళీ పెట్టమన్నాడు, మళ్ళీ పెట్టాను. 'వాడేడీ నెరిస్? రాలేదా?' అన్నాడు."

క్లిఫ్ తల వంచుకుని ప్లేటు వైపు చూస్తూ ఏదో అన్నాడు. ఊరి చివరిదాకా వినపడే గొంతు అది. "ఇక్కడే ఉన్నాన్రా" అన్నాడనుకుంటాను. పక్కనే కూచున్న నాకు కూడా సరిగ్గా వినపడలేదు.