నల్లగుండు నడిచిన వేసవి

మా పక్కింటివాళ్లు వాకిట్లో కొత్త బండలు పరిపిస్తున్నారు. నంద్యాలలో ఎండాకాలం వచ్చిందంటే మా వీధిలో ఎవరో ఒకరు ఇల్లు పీకి పందిరి వేయాల్సిందే. కోతమిషను చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నా నేను కిటికీ మూయలేదు. కోసే బండ మీద నీళ్లు పోస్తున్నప్పుడు వేడెక్కిన రాతిపొడి తడిసి ఒక వాసన వస్తుంది. తొలకరి వాసనకు దగ్గరగా ఉంటుంది గానీ అంత మెత్తన కాదు, ముక్కులో కాస్త గుచ్చుకుంటుంది. ఆ వాసన తగిలితే చాలు, నాకు ఆళ్లగడ్డలో పదకొండేళ్ల వయసు వచ్చేస్తుంది.

ముందుగదిలో మా చెల్లెలి కొడుకు వినయ్ కంప్యూటరు ముందు బైఠాయించి ఉన్నాడు. వాడు ఆడే ఆటలో వాడొక వీరుడు. పేరు, కవచం, ఆయుధం అన్నీ తనే ఎంచుకున్నాడు. మూడు రోజులుగా ఒక మంచుకొండ రాక్షసుడి చేతిలో చస్తూ, మళ్లీ బతుకుతూ, మళ్లీ చస్తూ ఉన్నాడు.

“పెద్దమ్మా, వీడు అన్యాయంగా కొడ్తాండాడు. గద ఎత్తేది కనపడదు, నెత్తిన పడేదే తెలుస్తాది. వాళ్లకు రాసేసినా. వచ్చే వారం మారుస్తారు చూడు.”

“ఎవురికి రాసినావురా?”

“ఆట చేసినోళ్లకు. ఆడేటోళ్లం మేం చెప్పకపోతే, ఏ దెబ్బ ఎట్ల తగుల్తాందో వాళ్లకేం తెలుస్తాది?”

నాకు నవ్వొచ్చింది. ప్రపంచంలో ఇదేదో నిన్న మొన్న పుట్టిన విద్య అయినట్టు చెప్తున్నాడు వాడు. డెబ్భైల చివర్లో, ఆళ్లగడ్డలో ఒక రాళ్లదొడ్డిలో, కరెంటు కూడా అవసరం లేకుండా మేం చేసింది ఇదే.

మా నాయన బడిపంతులు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బదిలీ అయితే, శిల్పం చెక్కే నాగాచారి మామ ఇంటి పక్కన బాడుగకు దిగాం. మాది చర్చికి పోయే ఇల్లు, ఆయనది పొద్దున్నే విగ్రహానికి దండం పెట్టి ఉలి పట్టే ఇల్లు. అయినా ఉగాదికి వాళ్ల ఓళిగలు మా పళ్లెంలోకీ, క్రిస్మస్‌కు మా కజ్జికాయలు వాళ్ల డబ్బాలోకీ ఎవరూ పిలవకుండానే నడిచొచ్చేవి. మామ కొత్త రాయి వచ్చిందంటే వెంటనే చెక్కేవాడు కాదు. నశ్యం పీల్చి, రెండు సార్లు తుమ్మి, రాయిని తడిపి, సుత్తితో మెల్లగా కొట్టి చెవి ఆనించి వినేవాడు. లోపల పగులుంటే రాయి మొద్దుగా మోగుతుందట. “రాయి ముందు మాట్లాడల్ల, మనం ఎనక” అనేవాడు. ఆ దొడ్డినిండా రాతిచెక్కులు, మధ్యలో వేపచెట్టు, దాని కింద ఒక పెద్ద బండ. ఏదో గుడి గడపకని తెచ్చి, సగం పనయ్యాక విరగబోయి పగులిచ్చిన బండ అది. మామకు అది పనికిమాలినది. ఆయన కూతురు ప్రమీలక్కకు మాత్రం అది రాజ్యం.

ప్రమీలక్క అప్పుడు పదో తరగతి పరీక్ష రాసి ఖాళీగా ఉంది. ఆడపిల్లకు ఉలి ఎందుకని వాళ్లమ్మ సణుగుతున్నా వినకుండా, ఆ బండ మీద గళ్లు చెక్కింది. బండ మధ్యలోని పగులు మా ఏరు. ఒక కొసన మా ఊరు, రెండో కొసన గుహ. గుహలో నల్లగుండు అనే రాక్షసుడు. నిజానికి అది ఏట్లో దొరికిన, పిడికిలంత నున్నటి నల్లరాయి, కానీ ఆ వేసవిలో దాన్ని చేత్తో ముట్టుకోవడానికి మాకు భయం వేసేది. మేం నేల మీది రాతిచెక్కుల్లో తలా ఒకటి ఏరుకుని, బట్టలకు పెట్టే నీలిమందుతోనో, గడపకు పూసే పసుపుతోనో రంగు పూసి పేరు పెట్టుకునేవాళ్లం. అదే మన మనిషి, వేసవి అంతా వాడే. కత్తి కావాలా, బల్లెం కావాలా, జొన్నచేలల్లో పిట్టల్ని తోలే వడిసెల కావాలా అన్నది ఎవరి ఇష్టం వాళ్లది. ముందు పేర్చుకున్న పది చింతగింజలు మన ప్రాణాలు. దెబ్బ వేయడానికి ఒకవైపు అరగదీసిన నాలుగు గింజలు విసరాలి. ఎన్ని తెల్లగా పడితే ఎదుటివాడికి అన్ని ప్రాణాలు పోతాయి. మధ్యాహ్నం వేపనీడ బండ మీదికి జరిగినప్పటి నుంచి పొద్దు వాలేదాకా, మాతో ఆడే కోమట్ల శీనయ్య వాళ్ల నాయన అంగడి నుంచి చొక్కా నిండా తెచ్చే బొరుగులు, పప్పుబెల్లం నములుతూ, వేపపూత తలల మీద రాలుతుంటే దులుపుకోకుండా, చచ్చి బతికి చచ్చేవాళ్లం.

అసలు సంగతి ఆట అయ్యాక ఉండేది. గింజలు ఏరి సంచిలో వేసే ముందు అందరం బండ చుట్టూ కూర్చుని ఆటలో ఏం బాగుందో, ఏం బాగలేదో చెప్పాలి. దానికొక వరస. మొదట చచ్చినవాళ్లు మొదట మాట్లాడాలి. గెలిచినవాళ్లు అందరికంటే చివర. “గెల్చినోళ్లకు ఆటలో తప్పు యాడ కనపడ్తాది?” అనేది ప్రమీలక్క. ఎంత తిట్టినా ఎదురు చెప్పేది కాదు, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వినేది. మరునాడు ఒక్కటంటే ఒక్కటే మార్పుతో వచ్చి బొగ్గుతో బండ అంచున రాసేది. ఆ మార్పు వారం రోజులు నిలిచి, ఆట రుచి పెరిగితే, అది ఎవరి మాట వల్ల వచ్చిందో వాళ్ల పేరులో మొదటి అక్షరాన్ని ఉలితో అక్కడే చెక్కేది.

శీనయ్య ఒకరోజు మొదటే చచ్చి, “సచ్చినోళ్లు ఈగలు తోలుకుంటా కూసోవాల్నా ఏందీ?” అని కాళ్లు నేలకేసి కొట్టాడు. మరునాటి నుంచి చచ్చినవాళ్లు నల్లగుండు పక్షాన గింజలు వేయొచ్చన్న మార్పు వచ్చింది. అంతే, చావుకు కూడా మేం పోటీలు పడ్డాం. వడిసెలవాళ్లు దూరంగా నిలబడి పండగ చేసుకుంటున్నారని నేను ఏడిస్తే, ఒక దెబ్బ వేశాక రాయి ఏరుకోవడానికి ఒక వంతు వదులుకోవాలని మార్చింది. అట్లా బండ అంచున ‘శీ’ ఒకటి, ఎస్తేరునైన నా ‘ఎ’ ఒకటి పడ్డాయి. నా అక్షరాన్ని రోజూ వేలితో ఒకసారి తడిమి చూసుకునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అక్షరం పడనిది జైనబికి. వాళ్ల నాయన ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. బడిలో పేరు పిలిచినా పలకడానికి తడబడే పిల్ల, బండ మీద మాత్రం చిన్న కత్తి పట్టుకుని అందరికంటే ముందు ఏరు దాటి గుహ మీదికి పోయేది, అందరికంటే ముందు చచ్చేది. కాబట్టి మొదటి మాట ఎక్కువగా ఆమెదే. మొదట్లో రెండు మాటలు, తర్వాత నాలుగు, చివరికి చేతులు తిప్పుతూ వాదించేదాకా వచ్చింది. “నా అచ్చరం ఎప్పుడు పడ్తాదక్కా?” అని అడిగితే, “పడ్తాదిలే జైనూ, నీది పెద్ద మాటకు పడల్ల” అనేది ప్రమీలక్క. ఆ పిల్ల ఆ మాట నమ్ముకుని ఉండింది.

రెండో వేసవిలో ప్రమీలక్క టైపు నేర్చుకోవడానికి ఒక నెల నంద్యాలలో వాళ్ల చిన్నమ్మ ఇంటికి పోయింది. పోతూ గింజల సంచి నా చేతిలో పెట్టి, “అందరి మాటా ఇను. కానీ అందరి మాటా చెయ్యొద్దు” అంది. నేను మొదటి వాక్యం వరకే విన్నాను.

నాకు అందరి చేతా మంచిదాన్ననిపించుకోవాలన్న జబ్బు ఉండేది, ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు. శీనయ్య వడిసెలకు రాయి ఏరుకునే వంతు తీసేయమన్నాడు, తీసేశాను. నల్లగుండుకు ప్రాణాలు ఎక్కువన్నాడు, సగం చేశాను. ఇంకొకడు పోయిన ప్రాణాలు ఊళ్లోకి వస్తే తిరిగి ఇవ్వాలన్నాడు, ఇచ్చాను. రోజుకు మూడేసి మార్పులు. బండ అంచంతా బొగ్గే. ఇవ్వడంలో నాకు ఎంత సంతోషంగా ఉండేదో చెప్పలేను, బొరుగుల్లో నా వాటా కూడా పెరిగింది. పది రోజులయ్యేసరికి ఎవరూ చావడం లేదు. నల్లగుండు మూడు విసుర్లకు కూలిపోతున్నాడు. ఎవరూ చావకపోతే మొదట మాట్లాడేదెవరు? నోరున్నవాళ్లే మాట్లాడారు. జైనబి ఒకసారి ఏదో అనబోతే శీనయ్య గొంతులో అది కొట్టుకుపోయింది, నేను తిరిగి అడగలేదు. ఆ మర్నాటి నుంచి ఆమె రాలేదు. తర్వాత మగపిల్లలు ఒక్కొక్కరే కాలువలో ఈతకూ, గోలీలకూ జారుకున్నారు. ఒక మధ్యాహ్నం వేపనీడలో నేనూ, సంచీ మిగిలాం. ఇంకొక వారంలో ప్రమీలక్క వస్తుంది. ఆమె ఆటను నేను చంపేశానని, జైనబిని నేనే పోగొట్టానని నాకు అప్పుడు తెలిసింది.

జైనబి వాళ్లింటికి పోయాను. వాళ్ల నాయన కొలిమి దగ్గర తిత్తి ఊదుతోంది. నన్ను చూసీ చూడనట్టు ఊదుతూనే ఉంది.

“ఎందుకు రాలేదు జైనూ?”

“వచ్చి ఏం చేయల్ల? అందర్కీ అన్నీ ఇచ్చినావు. ఇంగ ఆడేదానికి ఏముంది ఆడ?”

“నువ్వు అనబోయింది ఏంది ఆ పొద్దు?”

తిత్తి ఆపింది. నిప్పుల వైపు చూస్తూనే చెప్పింది. “నల్లగుండు గుహలోనే కూసోనుంటాడు. మనం పోతే గదా కొట్టేది? వాడే లేచి మన ఊరి మీదికొస్తే? వాడు నడవల్ల.”

అక్కడి నుంచి నేరుగా బండ దగ్గరికి పరుగెత్తాను.

ఆ సాయంత్రం తడిగుడ్డతో బొగ్గురాతలన్నీ తుడిచేశాను. “మా బొరుగులు తిన్నెప్పుడు బాగుండె గదా?” అని శీనయ్య ఎగిరాడు. ఎగిరితే ఎగిరాడు. చెక్కిన మార్పులు మాత్రం ఉంచి, కొత్తగా ఒకటే రాశాను: ప్రతి రౌండుకూ ఒకసారి నల్లగుండు కోసం గింజలు వేయాలి, ఎన్ని తెల్లగా పడితే అన్ని గళ్లు అతడు ముందుకు నడుస్తాడు. మర్నాడు నల్లరాయి మొదటిసారి గుహ దాటింది. కాలువకు పోయినవాళ్లు తడితలలతో పరుగెత్తుకొచ్చారు, జైనబి కూడా మళ్లీ వచ్చింది. దూరంగా దాక్కునే శీనయ్య మీదికే అది ముందు పోయింది. మొదట చచ్చింది వాడే, మొదట మాట్లాడాల్సిందీ వాడే. ఎర్రబడ్డ ముఖంతో, “ఏందప్పా ఇది, మనిషిని బతకనియ్యదా?” అని, కొంచెం ఆగి, “రేపు గూడా ఇట్నే ఉండల్ల” అన్నాడు.

వారం తిరిగేసరికి ప్రమీలక్క బస్సు దిగింది. సంచి కింద పెట్టీ పెట్టకముందే బండ దగ్గర కూర్చుని ఆడింది. నడిచే నల్లగుండు ఆమెను ఏట్లోనే చంపేశాడు. తర్వాత శీనయ్య, ఆ తర్వాత జైనబి చచ్చారు. ఆ రోజు చివరిదాకా బతికి గెలిచింది నేను. ప్రమీలక్క ముఖంలో ఎప్పుడూ చూడని వెలుగు. “వచ్చినప్పుడు ఇది సచ్చిపోయుంటాదనుకుంటి. నాకే తోచలేదే ఈ మాట! ఎవురిది?” అంది.

“ఇంగెవురిది, ఎస్తేరుదే” అన్నాడు శీనయ్య. వాడికి నిజంగా తెలియదు.

జైనబి వంతు వచ్చింది. నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, నేను చెప్తానన్న నమ్మకం ఉంది. “నాదేం ల్యాక్కా” అని తల దించుకుంది.

చివరి వంతు నాది. నోట్లో ఆ పేరు ఉంది. కానీ ప్రమీలక్క నన్నే చూస్తోంది, ఆ చూపు నాకు ఎంత కావాలో దేవుడికే తెలుసు. “బాగుందక్కా” అన్నాను. వారం నిలిచిన మార్పే కాబట్టి ఆమె అప్పుడే ఉలి తెప్పించి బండ అంచున రెండో ‘ఎ’ చెక్కింది. రాతిపొడి లేచింది. మామ దాని మీద నీళ్లు చల్లాడు.

జైనబి ఆ తర్వాత కూడా ఆటకు వచ్చింది. ముందులాగే అందరికంటే ముందు పోయి చచ్చేది. మొదటి మాట వంతు వస్తే, “ఏం ల్యా” అనేది. చెప్తాను, రేపు చెప్తాను అనుకుంటూ ఉండగానే బడులు తెరిచారు, వాళ్ల నాయన పాణ్యంలో అంగడి చూసుకుని సంసారం అక్కడికి మార్చాడు, మరుసటేడు మాకూ నంద్యాలకు బదిలీ అయింది. ఆమెను మళ్లీ చూడలేదు.

మొన్నీమధ్య పెళ్లికని ఆళ్లగడ్డకు పోయినప్పుడు ఆ దొడ్డి వెతుక్కుంటూ పోయాను. అక్కడ వరసగా కొట్లున్నాయి. వేపచెట్టు లేదు. ఊళ్లో ఇప్పటికీ విగ్రహాలు చెక్కుతున్నారు, మిషన్లు వచ్చాయి, రాయికి చెవి ఆనించేవాళ్లు నాకు కనపడలేదు. పగులు బండ ఏమైందని అడిగితే ఎవరికీ తెలియలేదు. ఎవరి పునాదిలోనో ఉండి ఉంటుంది, నా దొంగ అక్షరంతో సహా.

ఇందాక వినయ్ కేక పెట్టాడు. ఆటలో మార్పు వచ్చిందట, రాక్షసుడు గద ఎత్తడం ఇప్పుడు కనిపిస్తోందట. ఒక్క నిమిషం సంబరపడి, అంతలోనే ముఖం ముడుచుకున్నాడు. “చూడు పెద్దమ్మా, చెప్పినోళ్ల పేర్లు అని రాసి, కింద ఎవురిదో పేరు యేసినారు. నేను గూడా అదే రాసినా గదా!” వాడిని పక్కన కూర్చోబెట్టుకుని ఈ కథంతా చెప్పాను. అంతా విని, “మరి ఆమెకు చెప్పినావా?” అని అడిగాడు. లేదన్నాను. వాడు తెర వైపు తిరిగాడు.

పక్కింట్లో మిషను ఆగింది. తడి రాతిపొడి వాసన ఇంకా ఉంది. మా ఆటలో గెలిచినవాళ్లు అందరి తర్వాతే మాట్లాడాలి. ఆ రోజు గెలిచింది నేను. మిగతా అందరూ ఎప్పుడో లేచి ఇళ్లకు పోయారు, ఇప్పుడు నా వంతు. ప్రమీలక్కా, నల్లగుండును నడిపించింది జైనబి.