మిగతా పదో పేజీలో

మేం చదువుకునే రీడింగ్ రూములో తలుపు తీయగానే జరిగే మొదటి పని దినపత్రికను విడదీయడం. పత్రిక ఒకటే, పరీక్షలకు చదివేవాళ్లం బల్ల పొడుగునా ఉంటాం. అందుకని షీటుకు షీటు వేరు చేసి పంచుతారు. అక్కడి పిల్లలు దీనికి పెట్టిన పేరు 'పత్తాలు పంచుడు'. పేకముక్కలు పంచినట్టే ఒకరు బల్ల చివర నిలబడి విసురుతారు. ఎవరి ముందు ఏది పడితే అది చదివి ఎడమ పక్కవారికి ఇవ్వాలి. ఆలస్యం చేస్తే పక్కవారు దగ్గుతారు.

ఆ దగ్గు నా కోసం మొదటిసారి వినిపించిన రోజు, నేను షీటు బల్ల మీద పెట్టేసి బయటికి వచ్చేశాను. మా తాత చదివి మడత పెట్టిన తర్వాతే ఊళ్లో ఇంకొకరు పత్రిక ముట్టుకునేవారట. ఆయన మనవడిని దగ్గి తొందరపెడతారా? మెదక్ కోట కింది రోడ్డంతా ఆ కోపంతోనే నడిచాను. మర్నాడు మళ్లీ అదే బల్ల దగ్గర కూర్చున్నాను. వేరే దారి లేదు.

పాపన్నపేట దిక్కున ఒక ఊరికి మావాళ్లు పటేళ్లు. భూమి కొంత సీలింగులో పోయింది, కొంత కోర్టుల చుట్టూ తిరిగి పోయింది, మిగిలింది మా నాన్న భాగస్తులను నమ్మి పెట్టిన రైస్ మిల్లులో పోయింది. ఇప్పుడు మెదక్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉంటున్నాం. అయినా బస్టాండులో నన్ను చూసి కొందరు ముసలివాళ్లు బెంచీ మీద నుంచి లేస్తారు. కూర్చోమని నేను చెప్పను. అట్లాగని వాళ్లు ఖాళీ చేసిన చోట కూర్చోను కూడా.

మా ఇంట్లో అంతకు ముందు ఎవరూ దరఖాస్తు పెట్టుకున్నవారు కారు, తీసుకున్నవారే. నేను పెట్టుకున్నాను. ఎవరి సిఫారసూ లేకుండా, నా చదువుతో నేను అధికారినై మా ఇంటి పేరును మళ్లీ ఒక గది తలుపు మీద చూడాలనుకున్నాను. దానికి నాకు మిగిలింది ఈ ఒక్క నోటిఫికేషనే. తర్వాతి దానికి వయసు దాటిపోతుంది. ఈ సంగతి రీడింగ్ రూములో అందరికీ తెలుసు. నేను చెప్పలేదు. అయినా తెలుసు.

చరిత్ర, రాజ్యాంగం అంటే నాకు భయం లేదు. అవి కదలకుండా ఉంటాయి. నన్ను సతాయించినవి జాతీయ వర్తమాన వ్యవహారాలు. ఏ కమిటీకి అధ్యక్షుడెవరు, ఏ సదస్సు ఏ నగరంలో జరిగింది, ఏ పథకం ఏ మంత్రిత్వ శాఖ కిందికి వస్తుంది? దేశంలో మనుషులెట్లా బతుకుతున్నారో ఆ పరీక్ష అడగదు, శంకుస్థాపనకు ఎవరు వచ్చారో అడుగుతుంది. వయసొచ్చిన మనిషిని కూర్చోబెట్టి రిబ్బన్లు కత్తిరించినవాళ్ల పేర్లు కంఠస్థం చేయించడం నాకు అవమానంగానే తోచేది. ఇప్పటికీ తోస్తుంది.

ఒక్కరే పత్రికంతా చదివి గుర్తుపెట్టుకోవడం అయ్యే పని కాదు. అందుకని మా బల్ల వాళ్లు ఇంకో పద్ధతి పెట్టుకున్నారు. తమకు పడ్డ షీటులో పనికొచ్చేది చూసుకుని, టీ బండి దగ్గర మిగతావాళ్లకు నోటితో చెప్పాలి. చెప్పనివాడికి వినే హక్కు లేదు. దీన్ని నడిపించేది కుల్చారం వైపు నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయి. వాళ్ల నాన్న కౌలుకు వరి పండిస్తాడు. ఆ అమ్మాయి గొంతు టీ బండి పొయ్యి చప్పుడును దాటి రోడ్డు అవతలికి వినపడేది.

నేను చాలా రోజులు దూరంగా నిలబడి టీ తాగాను. ఒకరి నోటి నుంచి పడింది ఏరుకోవడం నాకు ఇష్టం లేదు. ఆమే ఒకరోజు పిలిచింది.

"పటేల్ సాబ్, జర ఇటు రండ్రి. దూరంకెల్లి ఇంటె మార్కులు రావు."

"నేను వింటలేనమ్మా."

"ఇంటలేరా? మరి నిన్న నేను తప్పు చెప్తె మీ మొకం ఎందుకట్ల మారింది?"

అందరూ నవ్వారు. కౌడిపల్లి నుంచి వచ్చి గది తీసుకుని చదువుకునే ఒక యువకుడు, టీ గ్లాసు నా చేతికిచ్చి, "కూసోండ్రి అన్నా, ఈడ కుర్చీలెవలికీ లేవు, మీకొక్కరికే లేదనుకోకుండ్రి" అన్నాడు. ఆ రోజు నుంచి నేనూ నా షీటు చెప్పాను. నిటారుగా నిలబడి చెప్పేవాణ్ని. నేను చెబుతుంటే జాతీయ గీతం పాడుతున్నట్టుంటుందని అతను వేళాకోళం చేసేవాడు.

పరీక్ష వాయిదా పడింది. మళ్లీ తేదీ ఇచ్చారు. అదీ వాయిదా పడింది. చరిత్ర చదివినవాడికి వాయిదా వల్ల నష్టం లేదు. వర్తమానం చదివినవాడి గతి వేరు. కంఠస్థం చేసిన అధ్యక్షులు పదవులు దిగిపోతారు, పథకాలకు పేర్లు మారతాయి, నిరుటి సదస్సు ఎవరికీ అక్కర్లేని సంగతవుతుంది. కౌడిపల్లి అతను తల పట్టుకుని, "నా బుర్రల పాత గవర్నర్లందరు కూసున్నరన్నా. కిరాయి కడ్తలేరు, కాళీ చేస్తలేరు. కొత్తోల్లను యాడ పెట్టాలె?" అనేవాడు. మేం నవ్వేవాళ్లం కానీ నాకు లోపల మండేది. వాయిదా వేసినవారు ఒక ప్రకటన ఇచ్చి ఊరుకున్నారు. మా చదువు మురిగిపోయిందని ఒక్క మాట ఎవరూ అనలేదు. నా వయసు మాత్రం వాయిదా పడలేదు.

చివరికి ప్రిలిమ్స్ పరీక్ష జరిగింది. ప్రాథమిక కీ వచ్చింది. చూసుకుంటే నేను గట్టునపడీ పడనట్టు ఉన్నాను. ఇంకొక్క ప్రశ్న కలిసి వస్తే చాలనిపించింది. ఆ ఒక్క ప్రశ్నా నా కళ్ల ముందే ఉంది. అకాల వర్షానికి పంట పోయిన రైతుకు సాయం చేసే ఒక కేంద్ర పథకం గురించి రెండు వ్యాఖ్యలిచ్చి, ఏది సరైనదని అడిగారు. రెండో వ్యాఖ్య, ఆ పథకం కౌలు రైతులకూ వర్తిస్తుందని. నేను రెండూ సరైనవే అని పెట్టాను. కీ మాత్రం రెండోది తప్పంది.

టీ బండి దగ్గర తెలిసింది, మా బల్ల వాళ్లందరిదీ అదే జవాబు. ఊళ్లో వేరే చోట చదివినవాళ్లలో చాలామంది సరిగ్గా పెట్టారు. మా గుంపే మొత్తంగా తప్పింది.

"కీ తప్పు" అంది కుల్చారం అమ్మాయి. "ఫ్రంట్ పేజీ ఆ రోజు నాకే పడ్డది. 'పంట పోయిన ప్రతి రైతుకూ' అని పెద్ద అక్షరాలు. నేనే మీకు చెప్పిన. అబ్జెక్షన్ పెడ్దాం, అందరం పెడ్దాం."

రుజువుగా ఆ పేజీ ఫొటో కావాలి. రీడింగ్ రూములో పాత పత్రికలు మళ్లీ షీట్లు కలిపి నెలల వారీగా కట్టలు కట్టి ఉంచుతారు. ఆమె, కౌడిపల్లి అతను, నేను ముగ్గురం వెళ్లి ఆ కట్ట విప్పాం. మొదటి పేజీ దొరికింది. ఆమె చెప్పినట్టే ఉంది. ఆమె ఫోనుతో ఫొటో తీసుకుంది. వార్త కింద చిన్న అక్షరాల్లో ఉన్న మాట మీద నా కన్ను పడింది. మిగతా 10లో.

పేజీలు తిప్పాను. ఒక పత్రికను మొదటి నుంచి పదో పేజీ దాకా వరసగా తిప్పడం ఆ గదిలో నాకు అదే మొదటిసారి. పదో పేజీ ఉన్న షీటులో మార్కెట్ ధరలు, సినిమా బొమ్మలు ఉంటాయి. మా బల్ల దగ్గర దాన్ని ఎవరూ తీసుకోరు. వడ్ల రేటు చూసుకోవడానికి వచ్చే ఒక రిటైర్డు సారు ముందుకు తోసేస్తారు. ఆయన మా గుంపులో లేడు, టీ తాగడు. ఆ పేజీ మూలన వార్త తోక ఉంది. భూమి పట్టా ఎవరి పేరున ఉంటే వారికే సాయం, కౌలుకు చేసేవారికి వర్తించదు.

కౌడిపల్లి అతను ముందుగా తేరుకున్నాడు. "గీ పేజీ మనం చూసినట్టు ఎవలకెర్క? ఫ్రంట్ పేజీ ఒక్కటే పెడ్దాం. మస్తుమంది పెడితె క్వశ్చన్ లేపేస్తరు, అందరికి మార్కు పడ్తది. అన్నా, మీరు గూడ మీ హాల్‌టికెట్ మీద ఒకటి పెట్టుండ్రి."

"పెట్టను."

"గిదే మీకు లాస్టు గదన్నా!"

"లాస్టే. కీ సరిగ్గానే ఉంది. తెలిసి తప్పని రాయను."

అప్పటిదాకా ఆ పదో పేజీనే చూస్తున్న అమ్మాయి తల ఎత్తింది. "ఏది సరిగ్గ ఉంది పటేల్ సాబ్? నిరుడు రాళ్లవానకు మా నాయిన చేన్ల గింజ మిగల్లె. పట్టా ఉన్నాయన హైదరాబాదుల ఉన్నడు, ఆ చేన్ల కాలు గూడ పెట్టలె. ఆయన రైతా? మా నాయిన రైతు కాదా?"

"నేను పథకం సరిగ్గా ఉందనలేదు చెల్లె. కీ సరిగ్గా ఉందన్న."

"కౌలు కాయితం ఎవలన్న ఇస్తె గద రికార్డుల మా పేరెక్కేది! ఎవలియ్యలే? మీ అసుంటోల్లే గద ఇయ్యంది. కాయితం రాస్తె భూమి పోతదని భయం. రాయకుంటెనేమో పోలేదా మీది?"

ఆ మాట నాకు తగలవలసినట్టే తగిలింది. మా ఇంట్లో కౌలు నోటి మాట మీదే నడిచేది. కాగితం అడగడమే తప్పన్నట్టు చూసేవారు. ఈ గదిలో మరెవరన్నా ఆ మాట అని ఉంటే ఊరుకునేవాణ్ని కాదు. ఆమెకు అనే హక్కు ఉంది. నాకు వచ్చిన కోపమంతా ఆ ప్రశ్న తయారు చేసినవారి మీద. ఎక్కడో చల్లటి గదిలో కూర్చుని, ఒక మనిషి పంట పోయిన సంగతిని రెండో వ్యాఖ్యగా రాసి, అతను రైతు కాదని గుర్తుపట్టినవాడికి ఒక మార్కు పెట్టారు. రేపు అధికారి కావలసినవాడు మొదట నేర్చుకోవలసింది ఇదన్నమాట! నేను జవాబు తప్పినందుకు సిగ్గుపడలేదు. సరైన జవాబు అదైనందుకు సిగ్గుపడ్డాను.

అయినా అభ్యంతరం పెట్టలేదు. సగం పేజీ చూపించి సంపాదించిన మార్కుతో మా ఇంటి పేరు ఏ తలుపు మీదా నాకు అక్కర్లేదు. అమ్మాయి కూడా పెట్టలేదు. కౌడిపల్లి అతను, ఇంకొందరు పెట్టారు. తుది కీలో ఆ ప్రశ్న మారలేదు.

ఫలితాల్లో నా నంబరు లేదు. అమ్మాయి నంబరు ఉంది. ఆమెకు మిగతావాటిలో నాకన్నా బాగా వచ్చాయి, ఆ ఒక్క ప్రశ్న ఆమెను ఆపలేదు. ఇంట్లో చెబితే మా నాన్న "ఎవరికన్నా చెప్పించి ఉంటే అయ్యేది" అన్నాడు. ఆ మాటకు వచ్చినంత కోపం నాకు ఫలితం చూసినప్పుడు కూడా రాలేదు. అన్నం తినకుండా లేచాను.

కొన్నాళ్లకు ఆమె మెయిన్స్ పుస్తకాలతో బస్టాండులో కనపడింది. కుల్చారం బస్సు ఇంకా రాలేదు.

"అన్నా, వ్యవసాయం మీద వ్యాసం తప్పకుంట వస్తదంటున్నరు. ఏం రాయాల్నంటరు?"

"మీ నాయిన సంగతి రాయి. పదో పేజీ రాయి."

"గట్ల రాస్తె మార్కులేస్తరా? స్కీములు మంచిగున్నయని రాసినోల్లకే ఏస్తరు." బస్సు వచ్చే దిక్కు చూసి అంది, "మీకైతె పోయేటిదేం లేదు గాబట్టి చెప్తున్నరు."

"పోయింది గాబట్టే చెప్తున్న."

ఆమె నా ముఖంలోకి చూసింది. బస్సు వచ్చి ఆగింది, జనం తలుపు మీద పడ్డారు. ఆమె సంచి గుండెకు అదుముకుని లోపలికి తోసుకుంటూ వెనక్కి తిరిగి అరిచింది.

"రాస్త! మార్కులు రాకుంటె మీ ఇంటికొచ్చి కొట్లాడ్త, చూడుండ్రి!"

"రా" అన్నాను. బస్సు చప్పుడులో వినపడిందో లేదో తెలియదు. ఆమె మెయిన్స్ రాసింది. ఫలితం ఇంకా రాలేదు.