కామమ్మ అడగని మాట

పులికాట్ సరస్సు ఒడ్డున మా ఊళ్లో కామమ్మ గొంతు ఎరగనివాళ్లు లేరు. నాయుడుపేటలో చేపలు అమ్ముతూ బేరానికి దిగిందంటే పక్క వీధికి వినిపించేది. అలాంటి మనిషి ఇంట్లో గడప దాటేవాళ్లను ఒక్క మాట అడిగేది కాదు. కూతురు రోజా తడ దగ్గర ఫ్యాక్టరీకి బయలుదేరుతుంటే మొహం తిప్పుకునేది. ఆ వెంటనే గుండె పట్టేసేది.

"నేను యాడికి పోయినా నీకు పట్టదు," అని రోజా చివరికి హాస్టల్లో చేరిపోయింది. ఫోన్ చెయ్యడం కూడా మానేసింది. కామమ్మకు నొప్పి ఎక్కువైంది.

నెల్లూరులో పరీక్షలన్నీ చేసి గుండెకేమీ లేదన్నారు. మనసుకు వైద్యం చేసే విజయకుమారి గారి దగ్గరికి పంపారు. ఆవిడ మందు రాయలేదు, బుద్ధులు చెప్పలేదు. వారం వారం కూర్చోబెట్టి, తోచింది చెప్పమనేవారు. మాటలతో రోగం పోతుందంట అని ఊళ్లో నవ్వారు. మనవాళ్లకు నవ్వడం కన్నా పనేముంది?

కొన్ని నెలలకు ఒకరోజు విజయకుమారి గారు, "వచ్చే వారం నేను ఊళ్లో ఉండనమ్మా," అన్నారు. కామమ్మ మొహం తిప్పుకుంది. చెయ్యి గుండె మీదికి పోయింది.

"ఏదో అడగబోయి ఆగిపోయారు కదా?"

కామమ్మ నోరు విప్పింది. "చేపల వేటకు పోయేవాళ్లను యాడికని అడగకూడదు మేడం. చిన్నప్పుడు మా నాయన్ను అడిగినా. పడవ తిరిగి రాలేదు. నా నోరే ఆయన్ను మింగిందన్నారు."

పసిదాని మీద అంత మాట వేసిన ఊరిని తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

"నన్ను అడిగితే నేనూ రాననుకుంటున్నారా?"

కామమ్మ గుండె మీద చెయ్యి తియ్యకుండానే అడిగింది. "యాడికి పోతుండారు?"

"చెన్నైకి. మా అమ్మకు కంటి ఆపరేషన్."

ఆ వారమంతా కామమ్మకు అన్నం సయించలేదు. మళ్లీ వెళ్లేసరికి, అడిగినా క్షేమంగా తిరిగొచ్చి విజయకుమారి గారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. చూడగానే కామమ్మకు పట్టరాని కోపం వచ్చింది. "గాలి లేస్తాదని అందరూ చెప్పినా వినకుండా పోయినాడు మా నాయన! నేను అడిగినందుకా పోయింది?" అని అరిచింది. తండ్రి మీది కోపాన్ని ఇన్నేళ్లూ తన మీదే వేసుకుని మోసింది పాపం. అరిచాక, ఆయన కోసం మొదటిసారి ఏడ్చింది.

నొప్పి ఒక్కరోజులో పోలేదు. కానీ ఆ సాయంత్రమే రోజాకు ఫోన్ చేసింది.

"నాకు పట్టదనుకున్నావు. అడిగితే నువ్వు తిరిగి రావని భయపడినా బిడ్డా."



"వస్తానమా," అంది రోజా ఏడుస్తూ.