ల్యాబక్క ఇచ్చిన తీపినీళ్లు

మొన్న సోమవారం మా ఝరాసంగం ఆశా కార్యకర్త ఫోన్ చేసి, "ల్యాబక్క పోయింది వదినా, గుండెనొప్పట" అని చెప్పింది. పెనం మీద రొట్టె మాడుతున్నా తీయలేకపోయాను. జహీరాబాద్ దవాఖానలో ఏళ్ల తరబడి రక్తపరీక్షలు చేసిన మనిషి ఆమె. మీలో చాలామంది వేళ్లు ఆమె చేతిలో పడే ఉంటాయి.

నోరు కొంచెం గట్టిదే. సూదికి భయపడితే "నన్ను జూడు, సూదిని గాదు" అని కసిరేది. చీటీ మీద అంకె వేసే ముందు రెండుసార్లు చూసేది. మధ్యాహ్నం డబ్బా మూత తీస్తే, పక్కనున్నవాళ్లను "తింటరా?" అని అడగకుండా ముద్ద పెట్టుకునేది కాదు.

నా సంగతి చెప్తాను. మొదటి కాన్పులో మా బాబు ఏడవలేదు. బొద్దుగా, మామూలు కంటే బరువుగా ఉన్నాడు. ఊళ్లో అందరూ దిష్టి అన్నారు. రెండోసారి ఆరో నెలలో షుగరు పరీక్షకు అత్తమ్మతో ఆటోలో వెళ్లాను. ల్యాబక్క గ్లూకోజు కలిపిన గ్లాసు ఇచ్చి, తాగి రెండు గంటలు కూర్చోమంది. ఎండకు అత్తమ్మ ముఖం వాడిపోయింది. పెద్దమనిషి నోరెండి కూర్చుంటే నేనొక్కదాన్నే గటగటా ఎలా తాగను? సగం ఆమెకిచ్చాను. పరీక్షలో షుగరు లేదని వచ్చింది.

లేచి వస్తుంటే అత్తమ్మే మెచ్చుకోలుగా అంది: "మీ తియ్యటి నీళ్లు మంచిగున్నయమ్మా. సగం తాగంగనే పానం నిలవడ్డది."

ల్యాబక్క చీటీ చింపేసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "అన్నం పంచుకో, చీరె పంచుకో. గిది మాత్రం నీ కడుపులున్న పిల్ల కోసం. రేపు మళ్ల రా" అంది.

మర్నాడు ముందుగా తన ఫ్లాస్కులోంచి అత్తమ్మకు చాయ్ పోసి, నన్ను తన కుర్చీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ఈసారి అంకె బాగా ఎక్కువొచ్చింది. మొదటివాడు ఎందుకు పోయాడో అప్పుడు అర్థమైనట్టనిపించి ఏడుపు ఆగలేదు.

"గప్పుడు తెల్వలే, గిప్పుడు తెలిసింది. తెలిసినంక ఫికరెందుకు?" అంది ల్యాబక్క. డాక్టరమ్మ చెప్పిన తిండి, నడక, తర్వాత ఇన్సులిన్ సూదులు, నేను ఏదీ మానలేదు. ఆ తర్వాత తోడొచ్చిన అత్తలందరికీ ల్యాబక్క ఫ్లాస్కులో చాయ్ ఉండేది.

కాన్పయ్యాక కూడా ఏటా షుగరు చూపించుకోవాలని నాతో ఒట్టు పెట్టించుకుంది. అలా వెళ్లినప్పుడే ఒకసారి గోడకు అంటించిన పేపరు ముక్క కనిపించింది. కడుపుతో ఉన్న తొలి నెలల్లోనే రక్తంలో ఇంకేవో గుర్తులు చూసి ఈ షుగరును ముందే పట్టే పరీక్షల కోసం వెతుకుతున్నారట. "రానీ, మంచిదే గదా. గప్పటిదాంక ఈ గ్లాసు ఖాళీ చెయ్యాల్సిందే" అని నవ్వింది.

మంగళవారం ఆమెను సాగనంపి వచ్చాను. నాకు మాత్రం ఆమె ముఖం కాన్పు వార్డులోనే కనిపిస్తోంది. ఆపరేషన్ మత్తులో నా కూతురు పుట్టినప్పటి ఏడుపు నేను వినలేదు. తల్లికి షుగరుంటే పుట్టిన బిడ్డకు షుగరు పడిపోవచ్చని, మడమ నుంచి చుక్క రక్తం తీసి చూస్తారు. ఆ పనికి ల్యాబు వదిలి తనే వచ్చింది. బొటనవేలంత మడమను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు వెచ్చబెట్టింది. గుచ్చగానే పిల్ల వార్డంతా వినిపించేలా ఏడ్చింది. అత్తమ్మ కంగారుగా ఎత్తుకోబోతే ల్యాబక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏడ్వనీయి పెద్దమ్మా" అంది నన్నే చూస్తూ. "జరసేపు ఏడ్వనీయి."