సార్ ఫోన్‌ల ఆగిన గోదారి

పోయిన మంగళవారం పొద్దున భద్రాచలం దవాఖానాల డ్యూటీ ఎక్కి డ్రెస్సింగ్ ట్రే సర్దుకుంటుంటే పక్కింటి సార్ భార్య, ఆంటీ ఫోన్ చేసింది. "బిడ్డా, సార్ లేస్తలేడు" అన్నది. నేను నర్సును. ఆ మాటకు అర్థం ఏందో నాకు తెలుసు. అయినా గోదారి బ్రిడ్జి దాటి బూర్గంపాడు చేరేదాకా ఆటోల ఒకటే అనుకున్న: ఆమె భయపడి గట్ల అన్నదేమో, నేను పోయి చెయ్యి పడితే నాడి దొరుకుతదేమో. దొరకలేదు. నిద్రలనే గుండె ఆగిపోయింది.

సార్ నాకు పాఠం చెప్పిన సార్ కాదు. కొత్తగూడెంల ఒక మిషన్ స్కూల్‌ల చాలా ఏండ్లు కంప్యూటర్ చెప్పి రిటైరై బూర్గంపాడు వచ్చిండు. మేం కిరాయికున్న ఇంటి పక్కిల్లు వాళ్లది. ఊరంతా సార్ అంటే నేనూ సార్ అన్న. ఆదివారం చర్చికి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్క, మిగతా వారమంతా గళ్ల లుంగీ. ఫోన్‌ను మాత్రం పాలిథిన్ కవర్‌ల చుట్టి, రబ్బరు బ్యాండు వేసి జేబుల పెట్టుకునేటోడు.

ఆ ఫోన్‌ల ఎవరూ వాడని బ్రౌజర్ ఒకటి ఉండేది. ఇంటర్నెట్ పేజీలు తెరిచే యాప్‌నే బ్రౌజర్ అంటరు. కొత్త ఫోన్ కొంటే దాంతోటే ఒకటి వస్తది, మనమంతా అదే వాడుతం. సార్‌ది వేరేది. పేరు చెప్తే సెల్ షాపోళ్లు కూడా మొహం చూసేటోళ్లు. అడవి పల్లెల్ల సిగ్నల్ ఒక్క గీత ఉన్నా అది పేజీ తెరిచేది. బొమ్మలు, ప్రకటనలు పక్కకు నెట్టి అక్షరాలు మటుకు తెచ్చేది. ఒకసారి చూసిన పేజీని దాచిపెట్టుకొని, సిగ్నల్ లేనప్పుడు మళ్ల చూపించేది.

"ఊకెనే ఇస్తున్నరు గద సార్, వాళ్లెట్ల బతుకుతరు?" అని అడిగిన ఒకనాడు. సార్ సంబురంగ గంటసేపు చెప్పిండు. వెతికే డబ్బాల మనం ఏం కొట్టినా అది ఇంకో పెద్ద కంపెనీకి పోతదట. పంపినందుకు ఆ కంపెనీ వీళ్లకు కొంత ఇస్తదట. మొదటి పేజీల కనిపించే గుర్తులల్ల కొన్ని, డబ్బులు కట్టిన షాపులవట. పేజీలను చిన్నగ చేసేది వాళ్ల కంప్యూటర్లే కాబట్టి, మనం చూసేది వాళ్ల చేతుల మీదుగనే వస్తదట. అందుకే బ్యాంకు పని దాంట్ల చెయ్యొద్దని గట్టిగ చెప్పిండు. "మనం వాళ్ల గిరాకీ కాదు బిడ్డా. మన చూపే వాళ్ల సరుకు. గది యాదిల పెట్టుకొని వాడాలె."

ఇంత జాగ్రత్త గల మనిషి కూడా ఒకసారి మోసపోయిండు.

ఒక వానకాలం గోదారి రెండో హెచ్చరిక దాటింది. మా ఆయన బొగ్గు గనిల షిఫ్టుకు పోయి కొత్తగూడెంలనే చిక్కుకున్నడు. వాగులు పొంగి బస్సులు బందైనయి. ఇంట్ల నేను, తుంటి ఎముక విరిగి మంచం దిగలేని మా అత్తమ్మ. కరెంటు లేదు. ఎగువన డ్యాం తెగిందని ఎవరిదో గొంతు ఫోన్లల్ల తిరిగింది. వీధిల సగం మంది మూటలు కట్టుకొని పోయిన్రు. అత్తమ్మను కదిపితే ఏమైతదో, కదపకపోతే ఏమైతదో తెలియక గుమ్మంల నిలబడ్డ.

సార్ ఫోన్ పట్టుకొని వచ్చిండు. నీటి మట్టం చూపించే పేజీ తెరిచి ఉంది. అదంతా వట్టి పుకారని, నీళ్లు పెరుగక నిలబడ్డయని చెప్పిండు. నాకు పానం కుదుటపడ్డది. పొయ్యి మీద బియ్యం పెట్టిన. మళ్ల వచ్చిండు, గంతే ఉందన్నడు. మూడోసారీ గదే మాట. అప్పటికి మా మోరీల నీళ్లు బయటికి పోకుండ ఇంటి దిక్కు మళ్లినయి. గోడ మీద జెర్రులు వరుసగ పైకి పాకుతున్నయి.

"సార్, మోరీ ఉల్టా పారుతున్నది" అన్న.

సార్ మోరీని చూసిండు, ఫోన్‌ను చూసిండు. పేజీ కిందికంటా జరిపి, అడుగున సన్నటి అక్షరాలు చదివిండు.

"బిడ్డా, ఆగింది గోదారి కాదు, పేజీ. పొద్దుగాల దాచిందే మళ్ల మళ్ల చూపిస్తున్నది. నేను టైం చూడలే."

సిగ్నల్ ఎప్పుడో పోయింది. ఆ పేజీ తెరిచి అయిదు గంటలు దాటింది.

తర్వాతదంతా ముక్కలు ముక్కలుగ యాదుంది. అత్తమ్మ పడుకున్న నులక మంచాన్ని ఒక దిక్కు సార్, ఒక దిక్కు నేనూ ఆంటీ ఎత్తినం. మోకాళ్ల లోతు అనుకొని దిగితే వీధి చివర నడుముకొచ్చినయి నీళ్లు. అత్తమ్మ నా జడ పట్టుకొని విడవలే. ఆంటీ ప్రభువును తలుస్తనే ఉంది. ఆఖరు ట్రాక్టర్ కదలబోతుంటే సార్ గొంతు చించుకొని అరిచి ఆపిండు. రోడ్డు కనిపిస్తలేదు. రెండు దిక్కుల కరెంటు స్తంభాల నడుమ, అడుగున రోడ్డుంటదన్న అందాజ మీద డ్రైవర్ నడిపిండు. కల్వర్టు మీద ఒక చక్రం జారినప్పుడు అందరం అత్తమ్మ మంచాన్ని గట్టిగ పట్టుకున్నం.

పొద్దూకేసరికి మా కిటికీలు మునిగినయని క్యాంపుల చెప్పిన్రు. క్యాంపు ఒక స్కూల్‌ల పెట్టిన్రు. సార్ ఒక మూలకు కూసొని అన్నం ముట్టలే. "నా మాట మీద మీరు ఆగిన్రు" అని అదొక్కటే అంటున్నడు. మా అత్తమ్మ పడుకున్న చోటు నుంచే పిలిచింది. "తమ్ముడూ, ఉండుమన్నదీ నువ్వే, మోసుకొచ్చిందీ నువ్వే. అన్నం తిను." అప్పుడు తిన్నడు.

ఆ రోజు సంది సార్‌కు ఒక అలవాటు పడ్డది. ఎవరేం చెప్పినా ముందు "ఎప్పటి మాట?" అని అడిగేటోడు. ఫలానా ఆయనకు జ్వరమన్నా గదే, మార్కెట్ల మిర్చి ధర చెప్పినా గదే.

జరిగిందంతా రాసి బ్రౌజర్ కంపెనీకి పంపిండు. జవాబు వస్తదని నేను అనుకోలే. కాని అక్కడి మనిషి ఎవరో క్షమించమని రాసిండు. రెండు నెలలకు కొత్త అప్‌డేట్ వచ్చింది. దాచిన పేజీ తెరిస్తే నెత్తి మీద పసుపు పట్టీ, అది ఎన్నింటికి తెరిచిన పేజీనో పెద్ద అక్షరాలల్ల. "చిన్న కంపెనీ గనుక నా ఉత్తరం చదివిన్రు" అని ఆంటీకి పదిసార్లు చూపించిండు. ఇగ ఆ తర్వాత ఆశా వర్కర్ల ఫోన్లల్ల, ఆటోవాళ్ల ఫోన్లల్ల, వాగవతలి కోయపల్లెల్ల, ఎక్కడికి పోతే అక్కడ ఆ బ్రౌజర్‌ను ఎక్కించిండు.

మొన్న ఎండాకాలం ఆ కంపెనీ చేతులు మారింది. ఒకనాడు తెరిస్తే మొదటి పేజీ నిండ అప్పులిచ్చే యాప్‌లు, పందెం ఆటలు. మన మెసేజులు చదువుకోనియ్యమని అడిగింది. సార్ ఆ ప్రశ్నను వేలు పెట్టి నాకు చూపించిండు. "మెసేజులల్లనే బ్యాంకు నంబర్లు వస్తయి. అడవిల వాళ్లు ఏది అడిగినా అవ్ అని నొక్కుతరు. నేనే పెట్టిన, నేనే తీయాలె."

ఆ ఎండల బస్సులు పట్టుకొని, నడిచి, ఊరూరు తిరిగిండు. ఒక ఆదివారం నేనూ పోయిన. ఇప్పపూలు ఆరబోస్తున్న ఒకామె అరుగు మీద కూసొని, ఆమె ఫోన్ అడిగి రెండు చేతులతో తీసుకున్నడు. ఏం తీస్తున్నడో ఆమెకు కనిపించేటట్టు పట్టుకొని తీసిండు.

"మంచిదన్నవు గద సార్" అన్నదామె.

"అప్పుడు మంచిదేనమ్మా. ఇప్పుడది ఎవరి చేతిల ఉన్నదో నాకు తెలియదు. నన్ను మాఫ్ చెయ్యి."

అన్నీ తీసినం అని నేను చెప్పినా సార్‌కు నమ్మకం కుదరలే. ఎవరన్నా మిగిలిన్రేమో అని చనిపోయే ముందు వారం కూడా నన్ను అడిగిండు. లేరు సార్ అన్న. నాకేం తెలుసని గట్ల అన్ననో. ఇప్పుడు ఆ భయం నాకొచ్చింది.

సార్‌ను మట్టి చేసిన మూడోనాడు మళ్ల డ్యూటీకి బయల్దేరిన. బ్రిడ్జి మీదికి రాంగనే ఎవరూ చెప్పకుండనే ఆటో డ్రైవర్ స్లో చేసిండు. లోపలున్న అందరి తలలు ఒకే దిక్కు తిరిగినయి. వానింకా మన దగ్గర పడలేదు. కాని కింద, నిన్నటిదాకా పచ్చగ ఉన్న నీళ్లల్ల, ఇసుక దిబ్బ పక్క నుంచి, ఎగువ వాన తెచ్చిన కొత్త నీళ్ల ఎర్రటి చార ఒకటి దిగుతున్నది. మేం చూస్తుండంగనే అది మెల్లగ వెడల్పయింది.