అక్క గొంతుతో చేసిన ట్రాక్

ఇంటర్ చదివే రోజుల్లో, విజయవాడలో మా చర్చిలో కీబోర్డు నేనే వాయించేదాన్ని. క్వయర్‌లో పాడే ఒక అక్క నా పక్కనే నిలబడేది. నర్సింగ్ చదువుతుండేది. ఒక ఆదివారం పాట అయిపోయాక కూడా కీబోర్డు మీద రెండు మెట్లు వదలకుండా నొక్కి పట్టుకున్నాను. ఆ రెండు స్వరాలూ ఒకదానికొకటి తగులుతూ మెల్లగా వణుకుతుంటే చెయ్యి తియ్యబుద్ధి కాలేదు.

పాస్టరుగారు బయట ఆపి, "పాట అయిపోయినా ఆ మోతేంటమ్మా? పెద్దవాళ్లు కంగారుపడుతున్నారు" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే అక్క అందుకుంది. "బాగుందండీ. ఇంకాసేపు ఉంటే బాగుండుననిపించింది నాకైతే."

ఆ తర్వాత సాయంత్రాలు మా ఇంటికొచ్చి పాడేది. నేను లాప్‌టాప్‌లో రికార్డు చేసి, ఆ పాటను సాగదీసి, తిరగేసి, ముక్కలు చేసేదాన్ని. ఆమె తీసిన ఒక్క ఊపిరిని నాలుగు నిమిషాలకు లాగాను. అది విని పడీపడీ నవ్వింది.

"ఏం చేశావే నన్ను! బ్యారేజీ మీద గాలిలాగున్నాను!"

చదువు కాగానే ఆమె మస్కట్‌లో ఆసుపత్రి ఉద్యోగానికి వెళ్లిపోయింది. నేను హైదరాబాదు చేరి, ప్రకటనలకు సంగీతం చేస్తూ, వారాంతాల్లో చిన్నచిన్న చోట్ల డీజేగా ఆ సాగదీసిన ట్రాకులే వాయించేదాన్ని. డాన్సు కోసం వచ్చినవాళ్లు విసుక్కుని వెళ్లిపోయేవారు. పదిమందో పన్నెండుమందో కళ్లు మూసుకుని ఉండిపోయేవారు. వాళ్లు వింటున్నది అక్క గొంతని వాళ్లకు తెలియదు.

మొదటి ఆల్బమ్ పూర్తికాగానే ఆమెకు పంపాను. రెండు రోజులకు ఫోన్ చేసింది.

"బాగుందే. ఇందులో నేనెక్కడున్నాను?"

"అంతా నువ్వేనక్కా."

"ఏమో. అప్పుడు మామూలుగా పాడినవి ఉంటే పంపవా? ఇక్కడికొచ్చాక పాడటమే మానేశాను. నా గొంతు ఎట్టా ఉండేదో వినాలనుంది."

ఆ రోజు పనికి వెళ్లకుండా పాత ఫైళ్లన్నీ తెరిచాను. మార్చకుండా ఉంచిన పాట ఒక్కటీ లేదు. లాప్‌టాప్‌లో చోటు చాలక, మార్చిన ప్రతిదాన్నీ అసలుదాని మీదే సేవ్ చేశాను. వేగం పెంచి, మళ్లీ తిరగేసి చూశాను. కీచుమని ఏదో వచ్చింది గానీ, అక్క రాలేదు. ఫోన్ చేసి ఉన్నమాట చెప్పాను.

"పోన్లేవే. చిన్నపిల్లవి, అప్పుడు నీకేం తెలుసు" అంది.

అప్పట్నుంచి ఎవరి గొంతు తీసుకున్నా ముట్టుకోకుండా ఒక కాపీ ఉంచుతున్నాను.

పోయినేడు అక్క సెలవు మీద విజయవాడ వచ్చింది. మైకు ముందు కూర్చోబెట్టాను. ఒక చరణం ఎత్తుకుని మధ్యలో ఆపేసింది. "రావట్లేదే" అంది. ఆ తర్వాత గంటసేపు వార్డు సంగతులూ అక్కడి ఎండల సంగతులూ చెప్పింది. రికార్డరు ఆపలేదు. అప్పుడప్పుడూ అది పెట్టుకుని వింటాను. ఆ గొంతూ బాగుంటుంది. నేను వెతుకుతున్నది మాత్రం అది కాదు.