పేరు పలకని నేస్తం

పాడేరు వైపు బళ్ళో ఐదో తరగతి వరకే చదివినా, మా పంచాయతీకి రెండుసార్లు సర్పంచిగా చేశాను. సంత దాకా సిమెంటు రోడ్డు వేయించింది నేను. బడికి రెండు గదులు కట్టించింది నేను. ఈ చుట్టుపక్కల కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగ మొదట పాకించింది కూడా నేనే. పైగూడేనికి మంచినీళ్ళు ఒక్కటే నావల్ల కాలేదు.

ఆ పైగూడెం నాయుడు, అంటే ఊరిపెద్ద, నా నేస్తం. కుర్రతనంలోనే పెద్దల ఎదుట నేస్తం కట్టుకున్నాం. అలా కట్టుకున్నవాళ్ళు జన్మలో ఒకరి పేరు ఒకరు పలకకూడదు. అందుకే ఇక్కడా రాయడం లేదు.

మూడోసారి నేను నిలబడినప్పుడు కింది ఊరి సురేంద్ర ఎదురు నిలిచాడు. వయసులో చిన్నవాడు, చురుకైనవాడు. ఒక్కో గూడెమూ అతని వైపు తిరిగిపోయింది. నా నేస్తం మాత్రం ఎవరిచేతా కబురు పంపలేదు, తానే కొండ దిగి వచ్చాడు.

"నేస్తం, ఈపాలి మా గూడెం సురేంద్ర దిక్కే. కొండమీద ఊట నుంచి పైపేత్తానన్నాడు. ఆడోళ్ళు బిందెల్తో గెడ్డలోకి దిగి ఎక్కనేకపోతన్నారు."

కోపం వచ్చింది. కానీ వాగులోంచి పైకెక్కే ఆ బిందెలు నేనూ చూసినవే. ఓడిపోయాను.

సురేంద్ర మాట ప్రకారం పైపులు దింపించాడు. సగం దూరం వేశాక గ్రామసభ పెట్టి, పాత సర్పంచి ఏమీ చెయ్యలేదని పేరు పెట్టి చెప్పమంటూ నా నేస్తాన్ని లేపాడు. చెప్పకపోతే మిగతా పైపు రాదని అందరికీ తెలుసు. నేను వెనక వరసలో తల వంచుకుని కూర్చున్నాను.

"నీళ్ళియ్యనేదు, నిజిమే," అన్నాడు నేస్తం. "పేరెట్టి మాత్రం అననేను బాబూ. తిట్టాలంటే మా ఇంటిదాన్ని పిలు, అది రోజూ తిడతాది."

సభంతా నవ్వింది. సురేంద్ర నవ్వలేదు. పైపు సగంలోనే ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్నే మా ఇంటి మగవాళ్ళను వెంటబెట్టుకుని పైకి వెళ్ళాను. వెదుళ్ళు నరికి, నిలువునా చీల్చి, కణుపులు చెక్కి, పైపు ఆగినచోటి నుంచి గూడెం దాకా దోనెలుగా పరిచాం. నేస్తం భార్య సోములమ్మ మొదటి బిందె పట్టింది. పదవి పోయాక గాని నాకు పని చేతకాలేదని అందరి ముందూ ఎగతాళి చేసింది.

ఇప్పుడు మళ్ళీ ఎన్నికలు. నేనూ నిలబడుతున్నాను. నిన్న నేస్తం వచ్చి నా పక్కన కూర్చుని చాలాసేపు వర్షాల గురించే మాట్లాడాడు.

"వెదురు కుళ్ళిపోతంది నేస్తం," అన్నాడు చివరికి. "సురేంద్ర మల్లీ వచ్చినాడు. మిగతా పైపేత్తాడంట. ఓటేత్తామన్నాను. ఏటంతావు?"

"ఏటంతాను? ఏసేయి," అన్నాను. "పిలాస్టిక్కుది వొద్దను. ఇనపదే అడుగు."